బానెట్‌కి కన్నం పెట్టే ముందు

పోయిన సంచికలో స్పోర్ట్స్ కార్ల ముందు వైపు సంగతి ఓ రెండు ముక్కలు రాశాను, బంపర్ కింద వేలాడే ఎయిర్ డ్యామ్ ఏం చేస్తుంది, బానెట్ మీద ఆ వెంట్లు, అంటే వేడి గాలి బయటికి పోయే కన్నాలు, దేనికి అని. అది రాసి మంచి చేశానో చెడ్డ చేశానో తెలీదు గాని ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. రాజాం నించి పలాస దాకా ఇంతమంది కట్టర్ పట్టుకుని బానెట్ పక్కన నిలబడి ఉన్నారని నాకు నిజంగా తెలీదు. అన్నీ వేస్తే పత్రిక చాలదు, ఏరి కొన్నే వేస్తున్నాను, మిగతావాళ్లు అలగకండి.

ప్రశ్న: మాస్టారూ, గాలి వేగంగా పోతే ప్రెషర్ తగ్గుతుందని చదువుకున్నాం. అలాంటప్పుడు కారు కింద గాలిని జోరుగా పోనిస్తే కారు రోడ్డుకి అతుక్కోవాలి కదా. ఎయిర్ డ్యామ్ పెట్టి ఆ గాలినే ఆపేస్తే లిఫ్ట్, అదే కారుని పైకెత్తే బలం, పెరగాలి గాని తగ్గుతుందంటారేటి? మా క్లాసులో దీని మీద పెద్ద గొడవ.
- ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి, విజయనగరం

జవాబు: గొడవ పడదగ్గ ప్రశ్నే తమ్ముడూ. నువ్వు చదివింది తప్పు కాదు, కాకపోతే నీ లెక్కలో కారు అడుగు అద్దంలా నున్నగా ఉంది. ఓసారి ఏ సర్వీస్ షెడ్డుకైనా వెళ్లి పైకెత్తిన కారు కింద నిలబడి తలెత్తి చూడు. ఆయిల్ సంప్, గేర్‌బాక్స్, సైలెన్సర్ గొట్టం, సస్పెన్షన్ ఆర్మ్‌లు, అక్కడో బోల్టు ఇక్కడో బ్రాకెట్టు, చక్రాల గుంతలు. గాలి వీటన్నిటికీ తగులుకుంటూ సుడులు తిరుగుతూ పోవాలి, ఇంక దానికి వేగం ఎక్కడిది. పైగా గ్రిల్‌లోంచి దూరి రేడియేటర్ దాటి వచ్చిన గాలికి కూడా బయటికి దారి ఆ కిందే. సిరిమాను రోజు మూడు లాంతర్ల దగ్గర్నించి కోట దాకా జనం ఎలా ఇరుక్కుంటారో నీకు తెలుసుగా, గాలీ అక్కడ అలాగే ఇరుక్కుంటుంది, ఇరుక్కుని ప్రెషర్ పెరిగి ముందు భాగాన్ని పైకి తోస్తుంది.

అదే టైములో పైన ఏం జరుగుతోందంటే, గాలి కారు ముక్కు దగ్గర వంపు తిరిగి బానెట్ ఎక్కేటప్పుడు వేగం పుంజుకుంటుంది, అక్కడ ప్రెషర్ పడిపోతుంది. కింద ఎక్కువ, పైన తక్కువ, ముందు చక్రాలు తేలికైపోతాయి. ఇది మన జిల్లాల వాళ్లకి బోర్డు మీద గీసి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం వైపు వెళ్లిన వాళ్లు చూసే ఉంటారు, ఎన్నో ఇళ్ల రేకులు ఇంట్లోకి కూలలేదు, పైకి లేచి పక్క కొబ్బరితోటలో పడ్డాయి. గాలి ఆ రేకుని పైనించి పీకింది, గుమ్మంలోంచి దూరిన గాలి కిందనించి ఎత్తింది. బానెట్ కూడా రేకే కదా.

ఇంక డ్యామ్ సంగతి. అది గాలిని పూర్తిగా ఆపదు, కిందకి పోయే వాటా తగ్గించి మిగతాది పక్కలకీ పైకీ మళ్లిస్తుంది. డ్యామ్ వెనకాల, అంటే ఇంజన్ కింద, గాలి వచ్చి నింపేలోపే బండి ముందుకెళ్లిపోతూ ఉంటుంది, అందుకని అక్కడ ప్రెషర్ తక్కువుంటుంది. లారీ వెనకాల దుమ్ము లారీ వెంటే లాక్కుపోతుంది చూడు, అలాంటి జాగా అది. ఆ జాగా కారు ముక్కుని కిందకి లాగుతుంది, రేడియేటర్‌లోంచి గాలినీ లాగుతుంది, పైగా ఆ గొట్టాలకీ బ్రాకెట్లకీ కొట్టుకునే గాలి తగ్గింది కాబట్టి డ్రాగ్, అంటే బండిని వెనక్కి నెట్టే గాలి బలం, కూడా కాస్త తగ్గుతుంది. అలాగని మరీ లోతుగా దించేస్తే డ్యామే గోడలా అడ్డం పడి వచ్చిన లాభం పోతుంది.

నువ్వన్న పద్ధతి కూడా ఉందోయ్, అబద్ధం కాదు. 1977లో లోటస్ 78 అనే ఫార్ములా వన్ కారు చేసింది అదే, రెండు పక్కలా అడుగుని తిరగేసిన విమానం రెక్కలా మలిచి, పక్కల నించి గాలి దూరకుండా స్కర్ట్‌లు కట్టి, కింద గాలిని జోరుగా పోనిచ్చారు, కారు రోడ్డుకి అతుక్కుంది. అక్కడ అడుగు నున్నన, ఇక్కడ అడుగు గతుకులు. మీ క్లాసులో రెండు పార్టీలూ గెలిచినట్టే, టీ ఖర్చు చెరిసగం వేసుకోండి.

ఎంత లిఫ్ట్ అని కూడా అడుగుతావు కదా, లెక్క వేసి చూపిస్తాను. గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.2 కేజీలు, ముందు నించి చూస్తే కారు వైశాల్యం 2.1 చదరపు మీటర్లు, ముందు లిఫ్ట్ కోఎఫిషియెంట్, అంటే కారు ఆకారాన్ని బట్టి వచ్చే అంకె, 0.15 అనుకో. 100 కిలోమీటర్ల వేగంలో సుమారు 15 కేజీలు వస్తుంది, పాతిక కేజీల బియ్యం బస్తా కూడా కాదు. 200లో నాలుగింతలు, 60 కేజీలు. అంటే హైవే మీద మన మామూలు బండికి ఇది లెక్కలోకి రాదు, ట్రాక్ మీద 200లో మలుపు తిరిగేవాడికి ప్రాణం. అందులోనూ పోర్షే 911 లాంటివి ఇంజన్ వెనక పెట్టుకుని పుట్టాయి, ముందు వైపు ముందే తేలిక, అందుకే 1972 మోడల్ 911 ఎస్‌కి ముందు గడ్డం కింద చిన్న స్పాయిలర్, అంటే గాలిని మళ్లించే పలక, తగిలించారు, ఆ ఏడాదే వచ్చిన కరేరా ఆర్‌ఎస్ 2.7కి వెనక బాతు తోక లాంటిది పెట్టారు.

ప్రశ్న: సార్, నాది పదేళ్ల పాత సెకండ్స్ హ్యాచ్‌బ్యాక్. ఎండాకాలం హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు పైకెళ్లిపోతోంది. మా టింకర్ బానెట్ వెనక హింజుల కింద వాషర్లు వేసి అంగుళం లేపితే వేడంతా అద్దం దగ్గర్నించి బయటికి పోద్దంటున్నాడు, స్పోర్ట్స్ లుక్ కూడా వస్తుందంట. వేయించీమంటారా?
- పాఠకుడు, రాజాం

జవాబు: వేయించొద్దు. ఎందుకు వద్దో చెప్పడానికి నా పరువు కొంచెం తీసుకోవాలి.

ఇరవై ఏళ్ల కిందట నాకూ ఓ పాత కారుండేది, నాకూ ఇలాంటి సలహాయే ఒకరు ఇచ్చారు, నేను వాషర్లతో ఆగకుండా విజయనగరంలో ఓ షెడ్డులో బానెట్‌కి అద్దం దగ్గరగా రెండు పొడుగాటి కన్నాలు పెట్టించాను. చూడ్డానికి పులిలా ఉంది. తగరపువలస దాటి హైవే ఎక్కాక ఏసీలోంచి ఇంజన్ ఆయిల్ కాలిన కంపు మొదలైంది, టెంపరేచర్ ముల్లు తగ్గకపోగా ఇంకాస్త పైకెళ్లింది, మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. తప్పు షెడ్డు వాడిది కాదు, కొయ్యమన్న చోట కోశాడు.

సంగతేంటంటే బానెట్ మీద గాలి అంతా ఒకలా ఉండదు. ముక్కు దాటిన వెంటనే ప్రెషర్ తక్కువ. అక్కణ్ణించి వెనక్కి వచ్చేకొద్దీ పెరుగుతూ, అద్దం మొదట్లో, వైపర్ల దగ్గర, గాలి అద్దానికి గుద్దుకుని కుప్ప పడుతుంది, అక్కడ ప్రెషర్ ఎక్కువ. ఏసీకీ బ్లోయర్‌కీ గాలి తీసుకునే జాలీ కంపెనీవాళ్లు వైపర్ల కింద పెట్టేది ఊరికే కాదు, అక్కడ గాలి తనంత తానే లోపలికి తోసుకొస్తుంది కాబట్టి. 1969 షెవర్లే కమారోకి కౌల్ ఇండక్షన్ అని ఓ బానెట్ ఇచ్చేవాళ్లు, మధ్యలో ఉబ్బుంటుంది, దాని నోరు ముందుకి కాకుండా అద్దం వైపు ఉంటుంది, ఇంజన్‌కి గాలి తీసుకునేది ఆ నోట్లోంచి. అమెరికా వాడు గాలి లోపలికి తీసుకోవడానికి వాడుకున్న చోటుని మనం బయటికి పంపడానికి వాడుకుందామంటే గాలి ఒప్పుకోదు. ఇంజన్ గదిలోకి వెనక నించి కూడా గాలి దూరితే లోపల ప్రెషర్ ఇంకా పెరుగుతుంది, అది పెరిగితే ముందు నించి రేడియేటర్‌లోంచి వచ్చే గాలి తగ్గుతుంది. నా ముల్లు పైకెళ్లింది అందుకే.

నిజం చెప్పాలంటే మీ టింకర్‌కి పూర్తిగా మతి లేదని కాదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి ఆ సందులోంచి కొంత పోతుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది కూడా. వాడు చూసింది అదే అయ్యుంటుంది, షెడ్డులో బండి ఆగే ఉంటుందిగా. 80 దాటాక కథ తిరగబడుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే నీళ్ల పైపు ఉంటుంది కదా, పారదర్శకంగా ఉండే సన్న పైపు, అది ఓ నాలుగు మీటర్లు తీసుకోండి. మధ్య భాగాన్ని యు ఆకారంలో వంచి ఓ అట్టకి టేపుతో అతికించి, పక్కన స్కేలు గీసి, నీళ్లలో కాస్త కుంకుమ కలిపి పోయండి. ఒక కొస కారు లోపలే వదిలేయండి, రెండో కొస కిటికీ సందులోంచి బయటికి తీసి బానెట్ మీద చూడాలనుకున్న చోట అతికించండి. కిటికీ మిగతా సందు గుడ్డతో మూసేయండి. ఇక్కడో చిన్న కిటుకు ఉంది, పైపు మూతి గాలికి ఎదురు పెడితే ఎక్కడ పెట్టినా ప్రెషర్ ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ బిళ్లకి మధ్యలో సన్న చిల్లు పెట్టి, చిల్లు ఆకాశం వైపు ఉండేలా, పైపు దాని అడుగు నించి వచ్చేలా అతికించాలి. నేను, మా మేనల్లుడు ఇది తెల్లవారుజామున ఐదింటికి రణస్థలం దగ్గర హైవే మీద చేశాం. బండి నడిపేది వాడు, ఒళ్లో అట్ట పెట్టుకుని చూసేది నేను. మొదట నీళ్లు గెంతులే గెంతులు, రోడ్డు అతుకు వచ్చినప్పుడల్లా, అప్పుడు పైపు మూతిలో చిటికెడు దూది దోపాను, కుదురుకుంది. 80లో ముక్కు వెనక పెట్టినప్పుడు బయటి కొస వైపు నీళ్లు పైకి పీక్కుని రెండు మట్టాలకీ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు దాకా తేడా వచ్చింది. అదే బిళ్ల పీకి వైపర్ల దగ్గర అతికించి మళ్లీ 80లో వెళితే నీళ్లు రెండో వైపుకి జరిగాయి, సెంటీమీటరు కంటే తక్కువే గాని జరిగింది మాత్రం కచ్చితంగా అటే. పోల్చుకోవడానికి చెప్తున్నా, 80లో గాలి ఎదురుగా గుద్దుకుంటే మొత్తం వచ్చే ప్రెషర్ మూడు సెంటీమీటర్ల నీళ్లు, 100లో నాలుగున్నర పైచిలుకు. మేనల్లుడు అప్పటిదాకా నన్ను పిచ్చివాడిలా చూశాడు, ఆ నీళ్లు అటు జరిగాక బండి పక్కకి ఆపి తనూ ఓసారి ఒళ్లో పెట్టుకుంటానన్నాడు. ఒక్క మాట, నడిపే మనిషి చూపు రోడ్డు మీదే ఉండాలి, అట్ట చూసే పని పక్కవాడిదే.

వెంట్ పెట్టాలనే ఉంటే, రేడియేటర్ వెనకాలే, బానెట్ ముందు మూడో వంతులో పెట్టాలి, పైపు ఎక్కడ ఎక్కువ పీకిందో అక్కడ. రెక్కలు వెనక్కి వాలి ఉండాలి. కన్నానికి ముందు అంచున వేలెడు వెడల్పు లేకుండా నిలువుగా ఓ పట్టీ తగిలిస్తే దాని వెనక ప్రెషర్ ఇంకా తగ్గి పీకుడు పెరుగుతుంది, 1971లో డాన్ గర్నీ అనే రేసర్ రెక్క చివర పెట్టి పేరు తెచ్చుకున్న పట్టీకి ఇది తమ్ముడు. రేడియేటర్ వెనక నించి వెంట్ దాకా రేకుతో ఓ దారి కట్టగలిగితే ఇంకా మేలు, లేదంటే గాలి సగం ఇంజన్ గదిలోనే తిరుగుతుంది. 2022లో వచ్చిన పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్‌లో చేసింది సరిగ్గా ఇదే, మూడు రేడియేటర్ల బదులు ముందు ఒకే పెద్దది ఏటవాలుగా పెట్టి, వేడి గాలి ముందు మూత మీద ముక్కుపుటాల్లాంటి రెండు దారుల్లోంచి పైకి పంపారు. పంపాక ఇంకో తలనొప్పి, ఆ వేడి గాలి టాపు మీదుగా వెనక ఉన్న ఇంజన్ నోట్లోకి పోతుంది కదా, అందుకని టాపు మీద చిన్న చిన్న రెక్కలు పెట్టి దాన్ని పక్కలకి తోసేశారు. ఆ కారు మొత్తం మీద 200 వేగంలో 409 కేజీలు, 285లో 860 కేజీలు కిందకి నొక్కుకుంటుందని కంపెనీ లెక్క. అందులో వెనక రెక్క వాటా పెద్దదే అనుకోండి.

ఇంక మీ అసలు బాధ, హైవే మీద హీటెక్కడం. ఊళ్లో ట్రాఫిక్‌లో హీటెక్కితే ముందు ఫ్యాన్ చూడాలి, హైవే మీద హీటెక్కితే గాలి సరిగా పోవట్లేదనో నీళ్లు సరిగా తిరగట్లేదనో అర్థం. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్మూ పురుగులూ నిండాయేమో చూడండి, థర్మోస్టాట్ చూడండి, కూలెంట్‌కి బదులు కుళాయి నీళ్లు పోస్తున్నారేమో మానేయండి. తర్వాత బంపర్ కింద నల్ల ప్లాస్టిక్ పట్టీ ఉందా ఊడిపోయిందా చూడండి. స్పీడ్ బ్రేకర్‌కి తగిలి అది విరిగితే మనవాళ్లు మిగతాది కూడా పీకి అవతల పారేస్తారు, దండగ అని. దండగ కాదు. 1984 నించి వచ్చిన సీ4 తరం కార్వెట్‌కి ముందు గ్రిల్ పేరుకే, రేడియేటర్‌కి గాలంతా కింద వేలాడే ఎయిర్ డ్యామ్ ఎత్తి పంపాల్సిందే, అది ఊడితే హైవే మీద ఇంజన్ మరిగిపోతుంది. మీ హ్యాచ్‌బ్యాక్‌కి అంత గొడవ ఉండదు గాని పట్టీ లేకపోతే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, ఎయిర్ డ్యామ్‌కీ స్ప్లిట్టర్‌కీ తేడా ఏటి? నా సెడాన్‌కి ఇంట్లోనే ఎయిర్ డ్యామ్ చేసుకుందామనుకుంటన్నాను, దేంతో చేస్తే మంచిది, ఎంత దించొచ్చు?
- పేరు వేయొద్దన్న పాఠకుడు, నరసన్నపేట

జవాబు: డ్యామ్ నిలువు పలక, స్ప్లిట్టర్ దాని అడుగున ముందుకి చాచిన అడ్డ పలక, గడ్డం కింద చేట పట్టినట్టు. ముక్కు దగ్గర ఆగిపోయిన గాలికి ప్రెషర్ ఎక్కువ, ఆ ప్రెషర్ చేట మీద కూర్చుని కిందకి నొక్కుతుంది, చేట కింద గాలి వేగంగా పోతూ ప్రెషర్ తగ్గుతుంది. రేసు కార్లలో రెండూ కలిపే ఉంటాయి. మన రోడ్ల మీద స్ప్లిట్టర్ మాట మర్చిపోండి, మొదటి వాన గుంతకే విరుగుతుంది.

డ్యామ్‌కి గట్టి రేకు వద్దు, వంగే రబ్బరు కావాలి. రైస్ మిల్లులో తీసేసిన పాత బెల్టు ముక్క గాని, లారీ మడ్ ఫ్లాప్ రబ్బరు గాని బాగుంటుంది. మరీ మెత్తగా ఉంటే గాలికి వెనక్కి మడత పడిపోతుంది. లెక్క చూడండి, మీటరున్నర కంటే కాస్త తక్కువ పొడవు, ఎనిమిది సెంటీమీటర్ల లోతు పట్టీ మీద 100 వేగంలో పడే తోపుడు సుమారు 5 కేజీలు. ఐదు కేజీల బరువు పట్టీకి సమంగా వేలాడదీస్తే వంగిపోకూడదు, ఇసక మూటలతో ఇంట్లోనే చూసుకోవచ్చు. దించడం సంగతికొస్తే, స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లని రోడ్ల పుస్తకంలో ఉంటుంది, మన ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు వేయించుకున్నవి పుస్తకం చదవలేదు కదా, కాబట్టి నేలకి 13, 14 కంటే దించొద్దు. బోల్టులు బంపర్‌కి కాకుండా అడుగున ఉన్న పట్టీకి బిగించండి, తగిలినప్పుడు రబ్బరు పోవాలి గాని బంపర్ పోకూడదు.

ఇంకొకటి, పట్టీ పెట్టాక బ్రేకులకి గాలి తగ్గుతుంది. సాలూరు ఘాటో అరకు ఘాటో దిగేవాళ్లయితే చక్రాల ఎదురుగా పట్టీ తగ్గించండి లేదా సందు వదలండి. పని చేస్తోందా లేదా అని చూడాలంటే ఉన్ని దారం బెత్తెడు ముక్కలు కోసి బంపర్ పక్కలా తలుపు కింద అంచుకీ టేపుతో వరసగా అతికించి, పక్క లేన్‌లో ఇంకో కారులోంచి ఫోన్లో వీడియో తీయించండి. దారం నిటారుగా వెనక్కి పరుచుకుంటే గాలి అతుక్కుని పోతోందని, గిరగిరా తిరిగితే అక్కడ సుడి ఉందని. నూలు దారం కంటే ఉన్ని బాగా కనపడుతుంది, పొందూరు వాళ్లు ఏమనుకోకండి.

ప్రశ్న: పాత ఫార్చ్యూనర్ బానెట్ మీద ఉన్నది కూడా వెంటేనా సార్?
- పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కాదు, అది స్కూప్. నోరు ముందుకి ఉంటే గాలి తీసుకునేది, వెనక్కి ఉంటే వదిలేది, ఇది గుర్తు పెట్టుకుంటే చాలు, ఇందాక చెప్పిన కమారో లాంటివి తప్ప. పాత ఫార్చ్యూనర్ 3 లీటర్ డీజిల్‌లో ఇంటర్‌కూలర్, అంటే ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లార్చేది, ఇంజన్ నెత్తి మీద ఉంటుంది, దానికి గాలి ఆ నోట్లోంచే. బజార్లో టేపుతో అతికించే ప్లాస్టిక్ స్కూప్‌లు అమ్ముతారు, వాటి కింద కన్నం ఉండదు, అవి బొట్టు బిళ్లతో సమానం.

ప్రశ్న: మాస్టారూ మాది సాలూరు, రెండు లారీలున్నాయి. క్యాబిన్ టాపు మీద గాలి మళ్లించే డిఫ్లెక్టర్ పెడితే డీజిల్ మిగులుద్దంటున్నారు. కార్ల శీర్షికలో లారీ గురించి అడగొచ్చో లేదో.
- లారీ యజమాని, సాలూరు

జవాబు: నిస్సంకోచంగా అడగండి బాబూ, గాలికి కారూ లారీ తేడా లేదు, ఇంకా చెప్పాలంటే మీకే ఎక్కువ పని. లారీ ముందు వైశాల్యం 8 చదరపు మీటర్లు, డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.8 అనుకుంటే, 60 వేగంలో గాలి మిమ్మల్ని సుమారు 110 కేజీల బలంతో వెనక్కి నెడుతుంది, దాన్ని తోసుకుని పోవడానికే 24 హార్స్‌పవర్ దాకా ఖర్చు. విశాఖ నించి ఇచ్ఛాపురం దాకా హైవే మీద గంటల తరబడి ఇలా పోతారు కాబట్టి డిఫ్లెక్టర్ పనికొస్తుంది, కాకపోతే ఒక షరతు, వెనక లోడు క్యాబిన్ కంటే ఎత్తుండాలి. కంటైనర్ అయితే పెట్టండి. ఓపెన్ బాడీలో ఇనుమో రాయో వేసుకుని లోడు క్యాబిన్ కంటే కిందే ఉంటే డిఫ్లెక్టరే అడ్డం పడి డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఇంక మీ ఘాట్ రోడ్డు మీద కోరాపుట్ వైపు 20లో ఎక్కేటప్పుడు ఆ 110 కాస్తా 12 కేజీలవుతుంది, అక్కడ డీజిల్ తినేది గాలి కాదు, కొండ. ఏ లారీ ఏ రూట్లో తిరుగుతుందో చూసి ఒక్కదానికే పెట్టించండి. టార్పాలిన్ మాత్రం రెండింటికీ బిగించి కట్టించండి, పటపటా కొట్టుకునే టార్పాలిన్ కూడా డీజిల్ తాగుతుంది.

ప్రశ్న: ముందు డ్యామ్ పెట్టించాక 110 దాటితే నా కారు వెనక భాగం ఊగుతున్నట్టుంటోంది. ఊహా నిజమా?
- పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: టైర్లూ వీల్ అలైన్‌మెంటూ ముందు చూపించండి, నూటికి తొంభైసార్లు అక్కడే దొరుకుతుంది. అది బాగుంటే, అవును, అయ్యే పనే. ముందు నొక్కి వెనక వదిలేస్తే వెనక తేలికగా అనిపిస్తుంది, ముందు తేలికగా ఉండడం కంటే అది ప్రమాదం, ఎందుకంటే బండి తోక తిప్పేస్తుంది. 1998లో వచ్చిన మొదటి ఆడి టీటీ చూడ్డానికి గుడ్డులా ముద్దుగా ఉండేది, జర్మనీ హైవేల మీద బాగా జోరులో వెనక పట్టు తప్పి ప్రమాదాలు జరిగాయి, కంపెనీ కార్లు వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్, ఈఎస్‌పీ (బండి జారబోతే తనంత తానే బ్రేకు వేసి నిలబెట్టేది), సస్పెన్షన్ మార్పులు చేసి ఇచ్చింది. మీరు డ్యామ్ పీకేసి ఓ వారం నడిపి చూడండి. అన్నట్టు నాలుగు లైన్ల హైవే మీద కార్లకి 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠం 100, మీ ఉత్తరంలో 110 అని నేను చదవలేదు.

ప్రశ్న: వెంట్ పెడితే వానకి ఇంజన్ తడవదా? మాకు తుఫాన్లు ఎక్కువ.
- పాఠకుడు, పలాస

జవాబు: తడుస్తుంది. నడిచేటప్పుడు గాలి బయటికి వస్తుంటుంది కాబట్టి పెద్దగా దూరదు, ఆపి ఉంచినప్పుడే బాధ. 2020 షెల్బీ జీటీ500 మస్టాంగ్ బానెట్ మీద వెంట్ పొడవూ వెడల్పూ 31, 28 అంగుళాలు, మన ఇంట్లో చిన్న కిటికీ అంత. దాని కింద వాన నీళ్లు పట్టే అల్యూమినియం ట్రే ఇస్తారు, ట్రాక్ మీదకి వెళ్లేటప్పుడు తీసేస్తే గాలి ఇంకా బాగా పోయి ముందు భాగం ఇంకా నొక్కుకుంటుంది, ఇంటికి రాగానే మళ్లీ పెట్టేసుకోవాలి. మీరూ అలాంటి ట్రే ఒకటి చేయించండి, నీళ్లు పక్కకి జారిపోయేలా, ఆల్టర్నేటర్ మీద మాత్రం పడకూడదు. కోసిన అంచులకి అదే రోజు ప్రైమర్ కొట్టించండి, సముద్రం దగ్గర ఉప్పు గాలికి కోసిన రేకు నెల తిరిగేసరికి ఎర్రబడుతుంది.

ప్రశ్న: అయ్యా, మీ పత్రికలో చదివి మా అబ్బాయి కొత్త కారు బానెట్ కోయిస్తానని కూర్చున్నాడు. ఇంకా లోను వాయిదాలు మూడేళ్లున్నాయి. వాళ్ల నాన్నగారు ఇంట్లో మాట్లాడ్డం మానేశారు. మీరైనా చెప్పండి.
- ఒక తల్లి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, తప్పు నాదే, క్షమించండి. ముందు అబ్బాయికి నాలుగు విషయాలు చెప్పండి, నేను చెప్పానని చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మారిపోయేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. బానెట్ కన్నం అందులోకి వస్తుందో రాదో ఆర్టీఓ ఆఫీసులో కోయకముందే అడగాలి, కోశాక కాదు. కొత్త కారుకి వారంటీ ఉంటుంది, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా కోయిస్తే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు, లోను తీరేదాకా బండి మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది. బానెట్ లోపలి వైపు పక్కటెముకల్లా పట్టీలుంటాయి, గుద్దుకున్నప్పుడు బానెట్ ఎలా మడత పడాలో అవే చూస్తాయి, వాటిని కోస్తే ప్రమాదం. ఇవన్నీ విన్నాక కూడా అబ్బాయికి కోరిక చావకపోతే, కోప్పడకండి, స్క్రాప్ షాపులో అదే మోడల్ పాత బానెట్ ఒకటి దొరుకుతుంది, అది కొనుక్కోమనండి. ముందు నీళ్ల పైపుతో చూసుకుని, పట్టీలు వదిలేసి, దాన్నే కోయించుకోమనండి, ట్రాక్ మీద నడపాలనుకున్న రోజు బిగించుకుంటాడు. కంపెనీ బానెట్ పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టించండి, కింద రెండు కర్రలు వేయించి, ఎలకలు లేని వైపు. వాళ్ల నాన్నగారికి ఆ అటక మీద మూట చూపిస్తే మాట్లాడతారేమో.